మూడో బుడ్డి

గ్రాస్
ఏప్రిల్ 2, 1996

ఒరే ఎర్వాన్,

దూది చుట్టి పెట్టిన చిన్న బుడ్డి పగలకుండా చేరిందనుకుంటాను. అది తాగేది కాదు. నీకు ఈ మాట రాయక తప్పదు. పోయినసారి పంపిన నారింజపూల నీళ్ళు కాఫీలో పోసుకున్న మనిషివి.

వేసవికి మా సంస్థ తెస్తున్న కొత్త సెంటు ఇది. ఆడా మగా ఎవరైనా పూసుకోవచ్చు. ఇప్పుడందరికీ అదే పిచ్చి, మొగుడూ పెళ్ళాం ఒకే సీసా వాడాలట. పేరింకా పెట్టలేదు. "సముద్రం, తాజాదనం, వేసవి" అని మాత్రం కాగితం మీద రాసిచ్చారు. దీన్ని కలిపినాయన పారిస్‌లో పుట్టి పెరిగాడు. సముద్రాన్ని హోటలు కిటికీలోంచి చూసుంటాడు, అంతే. ఇది బజారుకు పోవచ్చో లేదో వాసన చూసి చెప్పాల్సింది నేను. పదకొండేళ్ళుగా చేస్తున్న పనే అయినా ఈసారి ధైర్యం చాలడం లేదు. కొండల మధ్య, మల్లెతోటల పక్కన కూర్చుని సముద్రం గురించి నేనేం తీర్పు చెప్పను? మా గదిలో పన్నెండు మంది చూశారు. పన్నెండు మందీ "చాలా తాజాగా ఉంది" అన్నారు. తాజా అంటే ఏమిటని అడిగితే మళ్ళీ అదే మాట అన్నారు.

అందుకే నువ్వు కావాలి. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని, వాసన బట్టి ఏ పడవ ఒడ్డుకొచ్చిందో చెప్పేవాడివి. పొద్దున స్నానమయ్యాక మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకో. మరదలు నోల్వెన్‌కీ వెయ్యి. వెంటనే ఎలా ఉంది, గంటకి ఎలా ఉంది, సాయంత్రానికి ఏం మిగిలింది, అన్నీ రాయి. మొహమాటం వద్దు.

ఒక్క సంగతి. ఈ బుడ్డి మా గడప దాటకూడదు. దాటించానని తెలిస్తే నా ఉద్యోగం ఉండదు. ఎవరికీ చెప్పకు.

నీ కుక్క మూస్‌ని నా బదులు ఒకసారి నిమురు. బల్లల మీద ఆయిస్టర్లు ఎలా పెరుగుతున్నాయి?

అక్క,
సోలెన్


కెర్వెలెన్
ఏప్రిల్ 11

అక్కా,

నీ బుడ్డి భద్రంగా చేరింది. కాఫీ జోలికి పోలేదు.

మొదట దోసకాయ కోసినట్టుంది. దాని వెనకే నిమ్మతొక్క. పది నిమిషాలకి ఉప్పు వస్తుంది గానీ అది సముద్రంలో ఉండే ఉప్పు కాదు, ఈతకొట్టి వచ్చాక ఒంటి మీద ఎండిపోయిన ఉప్పు. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది సముద్రం కాదక్కా, సముద్రం చూసొచ్చి ఇంకా ఉతకని చొక్కా. చెడ్డగా లేదు. నాకా చొక్కా ఇష్టమే. కానీ నా చేతి మీద పదకొండింటికల్లా ఆవిరైపోయింది. నోల్వెన్ మీద సాయంత్రం దాకా ఉంది, చివరికి కర్బూజా తొక్కలా మిగిలింది. "కొత్తగా సున్నం వేసిన గదికి కిటికీ తీసినట్టుంది, వదినతో చెప్పు" అంది.

ఏం తక్కువైందో చెప్పనా? బురద. పాటుకి నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయాక రాళ్ళు ఎత్తితే వస్తుందే, చల్లగా, ఇనుపముక్క నాలుక మీద పెట్టుకున్నట్టు, అది లేదు. అది లేకపోతే పోస్టుకార్డు మీద బొమ్మే.

ఫాంచ్ బాబాయి పనిలో నా పక్కన నిలబడి ముక్కు ఎగబీల్చాడు. "ఏరా, ఎవత్తె దగ్గర్నుంచి వస్తున్నావ్?"

"నోల్వెన్ దగ్గర్నుంచే, బాబాయ్."

"మరి ఇంత పొద్దున్నే లేచి ఎందుకొచ్చావురా, పిచ్చి వెధవా."

నీ పేరు చెప్పలేదు. ఆయిస్టర్లు బాగానే ఉన్నాయి.

తమ్ముడు,
ఎర్వాన్


గ్రాస్
ఏప్రిల్ 24

ఎర్వాన్,

ఉతకని చొక్కా, ఇనుపముక్క అన్నావే, ఆ మాటలు ఎవరివో చెప్పకుండా మీటింగులో చదివాను. కలిపినాయన మొదట ముఖం మాడ్చుకున్నాడు. మర్నాడు పొద్దున నా గదికొచ్చి, "ఇనుము అన్నది ఎవరో గానీ, వాళ్ళ ముక్కు నాకు పదిరోజులు అరువిప్పించండి" అన్నాడు. ఎండబెట్టిన సముద్రపు నాచు నుంచి తీసిన సారం ఒక చుక్క వేశాడు. అదే ఈ రెండో బుడ్డి. నీ బురద అందులో ఉందో లేదో నువ్వే చెప్పాలి. ఎంతసేపు ఆగుతుందో మరీ జాగ్రత్తగా చూడు. వేసవిలో చెమటకి నిలవని సెంటు ఎవరూ రెండోసారి కొనరు.

ఇంకో మాట. ఫాంచ్ బాబాయి నీతో పాటు పనిలోకి ఎందుకొస్తున్నాడు? నాన్న పడవ మీద ఉన్నప్పుడే ఆయన మోకాళ్ళు పోయాయి కదా. ఇప్పుడు అరవై దాటినాయన నడుంలోతు నీళ్ళలో ఆయిస్టర్లు పెంచే బల్లల దగ్గర ఎలా నిలబడతాడు?

సోలెన్


కెర్వెలెన్
మే 17

అక్కా,

రెండో బుడ్డి అందింది. ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకు. సెంటు బాగుంది. చాలా తాజాగా ఉంది. సాయంత్రం దాకా నిలుస్తోంది. నోల్వెన్‌కీ నచ్చింది.

ఈమధ్య కొంచెం తలనొప్పి. గాలికి కళ్ళు ఎర్రబడ్డాయి, అంతకు మించి ఏమీ లేదు. ఫాంచ్ బాబాయి ఇంట్లో తోచక వస్తాడు, ఊరికే తోడుగా. మూస్ ఎప్పుడు చూసినా పడుకునే ఉంటోంది. ఎండలు కదా.

ఎర్వాన్


గ్రాస్
మే 24

ఎర్వాన్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "చాలా తాజాగా ఉంది" అని రాశావు. అది ఇక్కడ నా పన్నెండు మందీ అన్న మాట, నీ నోటి మాట కాదు. బురద సంగతి అడిగాను, చెప్పలేదు. పోయినసారి నీ చేతిమీద పదకొండింటికే ఎగిరిపోయిన సెంటు ఈసారి సాయంత్రం దాకా ఉందన్నావు. వేసిందల్లా ఒక్క చుక్క, అంత తేడా రాదు. పైగా మేలో ఎండలట. మన ఊళ్ళో మేలో స్వెట్టరు విప్పినవాణ్ణి నేను చూడలేదు.

నామీద కోపమా? పని ఎక్కువై విసుగొచ్చిందా? అయితే అదే రాయి.

మూడు బుడ్డీలు పంపుతున్నాను. మూతల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలున్నాయి. రోజుకొకటి వేసుకుని విడివిడిగా రాయి. నోల్వెన్‌ని అడగొద్దు, నాకు నీ మాటే కావాలి. ఇదొక్కటీ అక్క కోసం చేసి పెట్టు.

సోలెన్


కెర్వెలెన్
జూన్ 5

అక్కా,

ఒకటో బుడ్డి: నిమ్మ ఎక్కువ, ఉప్పు తక్కువ. రెండోది: దోసకాయ ఉంది, మధ్యాహ్నానికి పోయింది. మూడోదే అన్నిటికన్నా మేలు. దోసకాయ తగ్గింది. ఉప్పు బాగా తెలుస్తోంది. నేనడిగిన బురద ఉంది, ఇనుము ఉంది. రాళ్ళ కింద చల్లదనం కూడా ఉంది. సాయంత్రం దాకా నిలిచింది. మూడోదే ఎంచుకోండి.

మూస్ పోయింది. సోమవారం నాతో పాటు రేవుకొచ్చింది, ఎప్పటిలాగే నాకన్నా ముందు పరుగెత్తింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి నాచు మీద పడుకుని ఉంది. పిలిస్తే లేవలేదు. ముసలిదైపోయింది. నోల్వెన్ ఇంకా ఏడుస్తోంది.

ఎర్వాన్


గ్రాస్
జూన్ 10

ఎర్వాన్,

మూడో బుడ్డిలో ఏమీ లేదు.

వట్టి స్పిరిట్. చేతిమీద వేస్తే నిమిషంలో ఆరిపోయేది. మా పనిలో అలాంటిదొకటి కలిపి పంపడం ఉంది, చూసేవాళ్ళు మనసు పెట్టి చూస్తున్నారో లేదో తెలియడానికి. నువ్వు విసుగుతో వాసన చూడకుండానే రాస్తున్నావని అనుమానపడ్డాను. అదే అయ్యుంటే బాగుండును. మూడోదాని గురించి నువ్వు అయిదు ముక్కలు రాశావు. ఆ అయిదూ ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరంలోవే. మిగతా రెండు బుడ్డీల్లో కూడా నిమ్మ ఎక్కువా తక్కువా లేదు, రెండూ ఒకే సెంటు. నీకు వాసన తెలియడం లేదు. ఎప్పటినుంచి?

మూస్ ముసలిదైందని రాశావు. దానికి నాలుగేళ్ళు. పిల్లప్పుడు దాన్ని బుట్టలో పెట్టి రైల్లో తెచ్చింది నేనేరా.

మా రసాయనాల గదిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఎవరి సంగతో చెప్పకుండా అడిగాను. రెండు నెలల్లో ఒక మనిషి ముక్కు చచ్చిపోయి, కళ్ళు ఎర్రబడి, తలనొప్పి వచ్చి, వెంట ఉన్న కుక్క పడిపోతే ఏమనుకోవాలని. ఆయన చేతిలో పని ఆపేశాడు. "ఎక్కడ పని చేస్తాడమ్మా, మురుగు కాలవల్లోనా, తోళ్ళు నానబెట్టే చోటా?" అన్నాడు. సముద్రం ఒడ్డున అన్నాను. "అక్కడ కుళ్ళేది ఏముంది?" అన్నాడు.

నాకు తెలియలేదు. నీకు తెలుసు. రాయి.

సోలెన్


కెర్వెలెన్
జూన్ 14

అక్కా,

తమ్ముడికి పరీక్ష పెట్టావా? నీళ్ళలాంటిది పంపి, వీడేం కూస్తాడో చూద్దామనుకున్నావా? నీ ఉత్తరం చించబోయాను. నోల్వెన్ చేతిలోంచి లాక్కుంది. చదివి, వంటింట్లోకి వెళ్ళి మాడి నల్లబడిన పాలగిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. పోయిన ఆదివారం అది పొయ్యి మీద మాడుతుంటే నేను పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నానట. "ఆరోజు అలిగి మాట్లాడలేదనుకున్నాను, తెలియక కూర్చున్నావా?" అంది. ఆవిడకి కూడా ఇప్పుడే తెలిసింది.

కాబట్టి విను. ఆయిస్టర్లు లేవు. పోయిన ఏడాది చలికాలంలోనే అన్నీ నోళ్ళు తెరుచుకుని చచ్చాయి. నీకు రాయలేకపోయాను. నాన్న వేసిన బల్లలు కదా.

ఏప్రిల్ నుంచి మేయరు ఆఫీసు తరఫున లోడరు నడుపుతున్నాను. పోర్జ్ దూ రేవులో పచ్చనాచు చేరుతోంది. నువ్వున్నప్పుడు ఇంత లేదు. ఇప్పుడు మోకాలి లోతు. పైన ఎండి అట్టులా తెల్లటి పెచ్చు కడుతుంది, లోపల కుళ్ళుతుంటుంది. వేసవికి జనం రాకముందే ఎత్తెయ్యాలని మేయరు తొందర. నేను లోడరు మీద, ఫాంచ్ బాబాయి కింద నిలబడి దారి చూపిస్తాడు. పెచ్చు పగిలినప్పుడల్లా కుళ్ళిన గుడ్ల కంపు. మొదటివారం ఇద్దరం పని ఆపి వాంతులు చేసుకున్నాం. మేనెల మొదట్లో కంపు తగ్గింది. తర్వాత అసలే లేదు. పనులు చూసే మనిషితో చెప్తే, "చూశారా, అలవాటైపోయింది. ఇంక మీకు ఢోకా లేదు" అని నవ్వాడు. మేమూ నవ్వాం.

నీ సెంటు కూడా తెలియడం లేదని అప్పుడే గమనించాను. జలుబనుకున్నాను. తగ్గుతుందిలే, ఈలోగా నీ పని చెడగొట్టడమెందుకని పాత మాటలే రాశాను. మూడో బుడ్డి దగ్గరకొచ్చేసరికి, నిజం చెప్తున్నాను, నాకు వాసన వచ్చినట్టే అనిపించింది. అబద్ధం రాద్దామని రాయలేదు.

ఇంకో వారమే పని. గురువారంతో రేవు శుభ్రమైపోతుంది. ఆ తర్వాత మానేస్తాను.

ఎర్వాన్


గ్రాస్
జూన్ 17

ఎర్వాన్,

గురువారం వెళ్ళకు.

పెద్దాయనకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను. "కంపు కొడుతున్నంతసేపూ మనిషికి ఇంకా పారిపోయే వ్యవధి ఉందన్నమాట. కుళ్ళిన నాచు వదిలే ఆ విషపు గాలి ఎక్కువైతే ముందు ముక్కుని చంపుతుంది. ఆ తర్వాత పెచ్చు కింద ఎంత ఉందో మనిషికి తెలిసే దారి లేదు. రెండు మూడు ఊపిర్లు చాలు." కంపు పోలేదురా. అది తెలిసే శక్తి మీకు పోయింది.

ఒక్కపూట కూడా వద్దు. లోడరు తాళం తిరిగిచ్చెయ్. ఫాంచ్ బాబాయికి ఈ ఉత్తరం చదివి వినిపించు. నా మాట ఎప్పుడూ వినలేదు, ఇదొక్కటి విను.

సోలెన్


కెర్వెలెన్
జూన్ 23

అక్కా,

నీ ఉత్తరం బుధవారం మధ్యాహ్నం వచ్చింది. నేను తాళం పట్టుకెళ్ళి మేయరు ఆఫీసులో ఇచ్చాను. పనులు చూసే మనిషి, "ఒక్కరోజు పని మిగిలుండగా ఇదేం పేచీ?" అన్నాడు. నీ ఉత్తరం చూపించబోయాను, నీ ఉద్యోగం సంగతి గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టేశాను. ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పి వచ్చేశాను.

అక్కణ్ణించి ఫాంచ్ బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆనిక్ పిన్ని అట్లు పోస్తోంది. ఆయనకి చదివి వినిపించాను. ఎవరు రాశారో చెప్పలేదు, తెలిసినవాళ్ళని అన్నాను. ఆయన వెన్న రాసుకుంటూ అంతా విన్నాడు.

"రాసినవాళ్ళు ఎప్పుడైనా రేవులో నిలబడ్డారా?"

"లేదు, బాబాయ్."

"మరి?"

"నా మాట విని రేపు వెళ్ళకు."

"నువ్వెళ్ళడం లేదుగా, నేను మాత్రం ఎందుకెళ్తాను. తిను, చల్లారిపోతోంది."

గురువారం తొమ్మిదింటికి పనులు చూసే మనిషి ఆయన ఇంటికెళ్ళాడట. ఎర్వాన్ రాలేదు, నీకు యంత్రం తెలుసు కదా, గంట పని అన్నాడట. పడవల యంత్రాలు నడిపిన మనిషికి ఆ మాట చాలు. పిన్ని వద్దంది. "కిందే కదా ప్రమాదం, నేను పైన కూర్చుంటాను" అని వెళ్ళాడట.

పదిన్నరకి నేను పెరట్లో ఉన్నాను. లోడరు చప్పుడు వినిపిస్తూనే ఉంది. కానీ ఒకే జోరులో ఉంది, ఎక్కడం దిగడం లేదు. ఆ యంత్రం చప్పుడు నాకు తెలుసు. పరుగెత్తాను. లోడరు నాచులో ముందుకి కూరుకుపోయి తిరుగుతోంది. ఆయన సీట్లోనే ఉన్నాడు, తల పక్కకి వాల్చి. లోపలికి వెళ్ళబోతే నోల్వెన్ వెనక నుంచి చొక్కా పట్టుకుంది. తనకి గట్టు మీదనుంచే కంపు తెలిసిందట. నాకు ఏమీ తెలియలేదు. అగ్నిమాపకం వాళ్ళు ముసుగులు వేసుకొచ్చి తీసేదాకా నలభై నిమిషాలు ఆయన్ని చూస్తూ నిలబడ్డాను.

డాక్టరు వచ్చి గుండె అని రాశాడు. పోలీసు అడిగాడు, "అక్కడేమైనా వాసన ఉందా?" అని. లేదన్నాను. సంతకం పెట్టించుకున్నాడు.

శుక్రవారం ఖననం. నువ్వు రాగలిగితే రా.

ఎర్వాన్


కెర్వెలెన్
సెప్టెంబరు 29

అక్కా,

ఖననం నాడు ఆనిక్ పిన్ని పక్కన నువ్వు కూర్చున్నది ఆవిడ ఇంకా తలుచుకుంటుంది. ఇన్నాళ్ళూ నీకు సరిగ్గా ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పని స్థితి వచ్చింది.

పిన్ని కోర్టుకి వెళ్ళింది. గుండె కాదు, గాలి అని. మొన్న న్యాయాధికారి నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. మేయరు తరఫు వకీలు నా జూన్ కాగితం తీశాడు.

"ఏప్రిల్ నుంచి అక్కడ పని చేసింది మీరే కదా?"

"అవునండి."

"ఆరోజు వాసన లేదని మీరే సంతకం పెట్టారు కదా?"

"నాకు తెలియలేదన్నానండి. నా ముక్కు అప్పటికే పోయింది."

"ఎప్పుడు పోయింది? ఏ డాక్టరుకి చూపించారు?"

ఏ డాక్టరుకీ చూపించలేదు. ఇప్పుడు చూపిస్తే, నిజమే, వాసన తెలియడం లేదు, కానీ ఎప్పటినుంచో ఎలా చెప్పగలమన్నారు. విషపు గాలే ఉంటే మూడు నెలలు అక్కడున్న మనిషికి తెలియకుండా ఉంటుందా అని వకీలు. నేను చెప్పిన నిజమే పిన్నికి అడ్డు తిరిగింది. బయటికొచ్చాక ఆవిడ నన్నొక్క మాటా అనలేదు. బస్సులో నా పక్కనే కూర్చుంది. "నీ ముక్కు ముందే పోయిందని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, నాయనా? ఆరోజు ఉత్తరం చదివావే, వాళ్ళెవరు?" అని అడిగింది. ఎవరూ లేరన్నాను.

నువ్వున్నావని నాకు తెలుసు. జూన్ అయిదున నేను రాసిన కాగితం నీ దగ్గరుంది. పదో తారీకున నువ్వు రాసింది నా దగ్గరుంది. కానీ ఆ మూడు బుడ్డీల సంగతి బయటపెడితే మీవాళ్ళు నిన్ను ఉంచరు. నీ సెంటు మా ఊరి మందుల షాపులో కూడా వచ్చింది, అద్దాల వెనక నీలం పెట్టెలు. వేసవంతా బాగా అమ్ముడైందట. అందుకని నేను అడగడం లేదు. జరిగింది రాశాను, అంతే.

రేవులో మళ్ళీ నాచు చేరింది. లోడరు మీద కొత్తతన్ని పెట్టారు, లోయిక్ అని, పొరుగూరివాడు, నా వయసే. నిన్న పొగాకు షాపు దగ్గర కనబడ్డాడు. ఎలా ఉంది పని అని అడిగాను. "మొదటివారం చచ్చేంత కంపు. ఇప్పుడు ఫరవాలేదు, అలవాటైపోయింది" అన్నాడు. నాకు తెలిసిందంతా చెప్పాను. మొన్న కోర్టులో నీ మాటే నిలవలేదటగా అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఎర్వాన్


గ్రాస్
అక్టోబరు 3

ఎర్వాన్,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నిన్ననే మా డైరెక్టరు గదికి వెళ్ళి అన్నీ చెప్పాను. మొదటి బుడ్డి నుంచి మూడోదాకా, తారీకులతో సహా. ఆవిడ లేచి తలుపు వేసి వచ్చింది.

"కోర్టులో మన సెంటు పేరు చెప్తారా?" అంది.

"అడిగితే చెప్తాను."

"సముద్రం అని అమ్ముతున్న సీసా పక్కన శవాన్ని పెడతారా, సోలెన్?"

"నేను పెట్టలేదమ్మా. అది జూన్ నుంచీ అక్కడే ఉంది."

ఈ నెలాఖరు దాకా జీతమిచ్చి నన్ను పనిలోంచి తీసేశారు. బల్ల ఖాళీ చేయమన్నారు. పదకొండేళ్ళ తర్వాత రెండు పెట్టెలకి సరిపోయింది నా సామాను. కలిపినాయన గుమ్మం దాకా వచ్చి, ఇనుము అన్నది మీ తమ్ముడేనా అని అడిగాడు. అవునన్నాను. ఆయన కూడా సాక్ష్యం రాసిచ్చాడు, మూడో బుడ్డిలో వట్టి స్పిరిట్ నింపింది తన చేత్తోనేనని. నేను అడగలేదు. పెద్దాయన ఆ గాలి గురించి రెండు పేజీలు రాసి సంతకం పెట్టాడు.

నా వాంగ్మూలంలో ఇలా రాశాను. "వాసన చూసి చెప్పడం నా వృత్తి. ఎదురుగా ఉన్నది చూసి రాసేవాళ్ళెవరో, గుర్తున్నది రాసేవాళ్ళెవరో నాకు తెలుస్తుంది. జూన్ అయిదో తేదీ నాటికి నా తమ్ముడికి ఏ వాసనా తెలియదు. ఫాంచ్ మరణానికి పది రోజుల ముందే నాకీ సంగతి కాగితం మీద తెలుసు. తెలిసీ నేను నా ఉద్యోగం కోసం ఎవరికీ ఫోను చేయలేదు. ఉత్తరం రాసి ఊరుకున్నాను." ఆ చివరి రెండు వాక్యాలు అక్కర్లేదని ఇక్కడి వకీలు అన్నాడు. ఉండనిమ్మన్నాను.

సోమవారం మధ్యాహ్నం రైలుకి వస్తున్నాను. నీ ఉత్తరాలన్నీ సంచిలో ఉన్నాయి, అసలువే. కోర్టుకి మర్నాడు వెళ్దాం. స్టేషన్ నుంచి ముందు ఆ లోయిక్ ఇంటికి తీసుకెళ్ళు. నేను మాట్లాడతాను.

ఆరోజు ఉత్తరం ఎవరిదని అడిగిన ఆనిక్ పిన్నికి నా పేరు చెప్పు.

అక్క,
సోలెన్